తుడిచిన గుడ్డ

మా బావ నోట్లోంచి రోజుకి నలభై ఛీలకి తక్కువ వచ్చేవి కావు. ఒకరోజు పనిగట్టుకుని లెక్కపెట్టాను. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనానికి చేతులు కడుక్కునేలోగానే ఇరవై ఆరయ్యాయి. అంచులు అరిగిపోయిన పానా చేతికొస్తే ఛీ. పానాలు తగిలించే మేకుకి ఎవడైనా చెమట చొక్కా తగిలిస్తే ఛీ. ఎయిర్ ఫిల్టరు విప్పితే ఎలుక గూడు బయటపడిందనుకోండి, వరసగా మూడు. షెడ్డులో ఆయన అసలు పేరు ఎప్పుడో అటకెక్కింది. ఛీ మేస్త్రి అంటే చాలు, వీధి చివర టీ కొట్టువాడు కూడా మా షెడ్డుకేసి చెయ్యి చూపించేవాడు.

అయితే ఆ ఛీకి ఒక పద్ధతి ఉంది. అది ఎప్పుడూ వస్తువు మీదే, మనిషి మీద కాదు. నట్టు మీద పడుతుంది, బోల్టు మీద పడుతుంది, ఎవడో చేసిన పని మీద పడుతుంది. ఆ చేసినవాడు ఎదురుగానే నిలబడి ఉన్నా వాడి మొహం చూసి అనడు, చేతిలో ఉన్న సామాను చూసి అంటాడు. పదేళ్ళు పక్కన పనిచేసినా ఈ తేడా నా బుర్రకెక్కలేదు. ఎలా ఎక్కిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బావంటే మా అక్క భర్త. ఇంజన్లకి హెడ్లు బిగించడం ఆయన పని. పాత ఇంజను మొత్తం విప్పి, కడిగి, కొత్త పిస్టన్లు వేశాక, అన్నిటికీ పైన మూతలా కూర్చోబెట్టే బరువైన దిమ్మ హెడ్డు. దానికీ కిందనున్న, సిలిండర్లుండే బ్లాకుకీ మధ్య పలచని రేకు గ్యాస్కెట్టు ఒకటి ఉంటుంది. మంట, నీళ్ళు, నూనె ఒకదాంట్లో ఒకటి కలవకుండా కాపలా కాసేది అదే. ఆ సందులో వెంట్రుకంత చెత్త మిగిలినా చాలు, నెల తిరక్కుండా బండి తెల్లపొగ కక్కుకుంటూ మళ్ళీ మా గుమ్మంలోకే వస్తుంది. అలా వెనక్కి వచ్చిన బండి మా బావ చేతిమీద ఒక్కటి కూడా లేదు.

ఆయనకి అంత ఛీ ఎందుకో తెలియాలంటే మా షెడ్డు ఒకసారి చూడాలి. నేల మీద పాత నూనె, మట్టి, ఇనుప రజను కలిసి ఎంత దళసరిగా పేరుకుందంటే, చెప్పు ఒక్కోసారి అక్కడే ఉండిపోయి కాలు మాత్రం ముందుకొచ్చేది. చేతులు కడుక్కునే చోట సబ్బు నల్లగా ఉండేది, దానిమీద ఎవడిదో వెంట్రుక. టీ గ్లాసుల మీద వేలిముద్రలు ఎంత స్పష్టంగా ఉండేవంటే ఎవడు ఏది తాగాడో పోలీసులు అక్కర్లేకుండా చెప్పొచ్చు. వీటన్నిటికీ పైన జిగురు మేస్త్రి. ఆయన మా రెండో హెడ్డు మేస్త్రి. నీళ్ళు కారితే జిగురు, నూనె కారితే జిగురు, ఏదీ కారకపోయినా ముందుజాగ్రత్తకి జిగురు. భోజనం అయ్యాక పళ్ళ సందుల్లో ఇరుక్కున్నదాన్ని వాల్వు సందు కొలిచే రేకుతో తీసి, ప్యాంటుకి తుడిచి, అదే రేకుతో వాల్వు కొలిచేవాడు. ఆ దృశ్యం చూసిన రోజు మా బావ భోజనం మానేశాడు. అప్పుడు కూడా రేకునే చూసి ఛీ అన్నాడు.

ఈ శుభ్రం ఆయనకి వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడ ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ గదులు తుడిచే పని చేసేది. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో కొడుకుని వెంట తీసుకెళ్ళి గది బయట బల్లమీద కూర్చోబెట్టేదట. తుడవడం అయ్యాక గుడ్డ తెచ్చి వెలుతురులో పట్టుకుని చూసేదట. నేల మెరుస్తున్నా సరే, గుడ్డకి మరకుంటే మళ్ళీ మొదలు. "తుడిచిన చోటు చూడకురా, తుడిచిన గుడ్డ చూడు" అనేదట. ఆ ఒక్క మాటతోనే మా బావ ముప్ఫై ఏళ్ళు హెడ్లు బిగించాడు.

గుడ్డలు కూడా తెల్లవే కావాలి. రంగు గుడ్డ మరకని దాచేస్తుందని ఆయన అనుమానం. మా అక్క ఇంట్లో మిషను మీద బడిపిల్లల తెల్ల చొక్కాలు కుడుతుంది. మిగిలిన ముక్కలన్నీ అరచేతంత చదరాలుగా కత్తిరించి ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టేది. రోజూ పొద్దున ఆయన అందులోంచి పన్నెండు ముక్కలు తీసుకుని జేబులో పెట్టుకునేవాడు. సాయంత్రం పన్నెండూ నల్లగా తిరిగొచ్చేవి. భర్త జేబులు వెతికితే తనకి మసిగుడ్డలు తప్ప ఏ రహస్యమూ దొరకలేదని అక్క నవ్వేది.

నన్ను ఆ షెడ్డులో పెట్టించింది ఆయనే. వెనక గదిలో బోరింగు మెషిను మీద నేనుంటాను. సిలిండర్లు అరిగి గుండ్రం పోతే వాటిని లోపల కోసి, వెడల్పు చేసి, నున్నగా తీర్చడం నా పని. కోసిన ఇనుము పచ్చిగా ఉంటుంది, తేమ తగిలితే గంటల్లో తుప్పు పట్టేస్తుంది. అందుకని బొటనవేలితో నొక్కే నూనె డబ్బా ఒకటి ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది. అందులో ఉండేది మెషినుకి వాడే ఎర్రనూనె. షెడ్డు మొత్తంలో ఆ నూనె నా దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేను మాత్రం మరిచిపోయాను.

ఇదంతా జరిగిన ఏడాది మొదట్లో నేనొక లారీ బ్లాకులో ఒక సిలిండరు ఎక్కువ కోసేశాను. ఓనరు నన్ను తన గదిలోకి పిలిచి, ఇంకొక్కటి పాడైతే మెషిను మీంచి దించేస్తానన్నాడు. పెద్దగా అరవలేదు. అరిచే మనిషి కాదు కాబట్టే నాకు భయం పట్టుకుంది.

అలాంటి సమయంలో పళ్ళ డాక్టరు కారు వచ్చింది. ఆయన తండ్రి వాడిన పాత కారది. ఆరు సిలిండర్ల ఇంజను, మూడు ఇటు, మూడు అటు వాలి ఉంటాయి. అందుకని హెడ్లు రెండు. అంతకుముందే రెండుసార్లు బోరు పెంచిన బ్లాకు. ఇది మూడోసారి. మొదట ఉన్నదానికంటే ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పు కొయ్యాల్సొచ్చింది. గోడలు పలచబడ్డాయనీ, ఇక దీన్ని ఇంకోసారి కొయ్యడానికి లేదనీ నేను ముందే చెప్పాను. డాక్టరు ఒప్పుకున్నాడు. తను పోయేదాకా నడిస్తే చాలన్నాడు.

డాక్టరుకీ మా బావకీ మొదటిరోజే జత కుదిరింది. ఇంజను మూత విప్పగానే లోపల పేరుకున్న నల్లటి జిడ్డు చూసి ఇద్దరూ ఒకేసారి మొహం తిప్పుకున్నారు. తన దగ్గరికొచ్చే ప్రతివాడూ రోజుకి రెండుసార్లు పళ్ళు తోముతామనే చెబుతాడనీ, నోరు తెరిస్తే నిజం బయటపడుతుందనీ డాక్టరు అన్నాడు. మా దగ్గరికొచ్చే ప్రతివాడూ వేళకి నూనె మారుస్తామనే చెబుతాడని మా బావ అన్నాడు. ఆ తర్వాత డాక్టరు వారంలో రెండుసార్లు పనిచూసే వంకతో వచ్చి మా బావ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. జిగురు మేస్త్రి పళ్ళు కుట్టుకునే రేకు సంగతి విన్నరోజు ఆయన కూడా టీ తాగలేదు.

నేను బోరు కొయ్యడం అయింది. బావ పిస్టన్లు వేశాడు. హెడ్లు బిగించే రోజు ఓనరు రెండు గ్యాస్కెట్లు తెచ్చిచ్చాడు. మామూలు కొలతవి. బావ ఒకదాన్ని బ్లాకు మీద పరిచి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. బోరు పెరిగింది కానీ గ్యాస్కెట్టు కన్నం పెరగలేదు. చుట్టూ సన్నటి అంచు సిలిండరు లోపలికి తొంగిచూస్తోంది. అలా బిగిస్తే ఆ అంచు మంటకి ఎర్రగా కాలి, ముక్క ఊడి, పిస్టను నెత్తిన పడుతుంది. బావ గ్యాస్కెట్టు చూసి ఛీ అన్నాడు. కాస్త జిగురు రాస్తే కదలకుండా ఉంటుందని జిగురు మేస్త్రి సలహా ఇచ్చాడు. పక్కనే ఉన్న డాక్టరు కూడా వంగి చూసి, చిగురు మీదకి ఎక్కిన పంటి తొడుగులా ఉందనీ, అలాంటివి తను రోజూ పీకి పారేస్తాననీ అన్నాడు. దాంతో ఓనరు పెద్ద కొలత గ్యాస్కెట్ల కోసం కబురు పెట్టాడు.

అవి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులూ వాన. షెడ్డు పైరేకులు కారి, గోడలు చెమ్మగిల్లి, మసిగుడ్డలు బూజుపట్టి కుళ్ళువాసన కొట్టాయి. స్టాండు మీద ఆ ఇంజను పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది.

గ్యాస్కెట్లు వచ్చిన రోజు పొద్దున బావ రెండువైపులా బోల్టు కన్నాలన్నీ శుభ్రం చేశాడు. ఈ కన్నాల గురించి ఒక్క మాట చెప్పాలి. వాటికి అడుగు మూసి ఉంటుంది. అడుగున కాస్త నూనో నీళ్ళో మిగిలిందనుకోండి, బోల్టు దిగుతుంటే దానికి పోవడానికి దారి ఉండదు. బోల్టు నూనెని నొక్కుతుంది, నూనె ఇనుముని చీల్చేస్తుంది. అందుకే బావ ముందు గాలి కొట్టి, తర్వాత తీగకి తెల్లగుడ్డ చుట్టి, కన్నం అడుగుదాకా దించి తిప్పి తీసేవాడు. గుడ్డ తెల్లగా వస్తేనే తర్వాతి కన్నం. ఇది పొద్దున ఒకసారి, హెడ్డు ఎత్తి పెట్టేముందు ఇంకోసారి. రెండోసారి ఎందుకని ఎవరైనా అడిగితే, మొదటిసారికీ రెండోసారికీ మధ్య లోకంలో మనుషులు ఊరుకోరు కాబట్టి అనేవాడు.

మొదటి హెడ్డు అలాగే రెండుసార్లు తుడిచి బిగించాడు. తర్వాత స్టాండు మీద ఇంజనుని తిప్పి, రెండోవైపు పైకి తెచ్చి, భోజనానికి వెళ్ళాడు. అప్పుడు నేను నా గదిలోంచి బయటికొచ్చాను. పైకి తిరిగిన మూడు సిలిండర్లూ నేను కోసినవే. బయట వాన. ఒక గోడ మీద గోధుమరంగు మచ్చ లాంటిది కనిపించింది. తుప్పే అనుకున్నాను. నా నూనె డబ్బా తెచ్చి మూడింట్లోనూ ధారాళంగా కొట్టాను. కొంత పక్కనున్న బోల్టు కన్నాల అంచుల మీదా పడింది. పైపైన ఒక పాతగుడ్డతో తుడిచి, తుడిచిన చోటు మెరుస్తోంది కదా అని చూసుకుని వెళ్ళిపోయాను. గుడ్డ వైపు చూడలేదు.

బావ భోజనం చేసి వచ్చేసరికి ఓనరూ డాక్టరూ ఇంజను పక్కనే ఉన్నారు. జిగురు మేస్త్రి ఈ కొత్త గ్యాస్కెట్టుకి కూడా నాలుగు చుక్కలు రాయమని మొదలుపెట్టాడు. ఓనరు అతనికే వంతపాడాడు. బావకి ఒళ్ళు మండిపోయింది. ఆ జిగురు డబ్బా లాక్కుని చెత్తబుట్టలో పడేసి, ఛీ అని, గ్యాస్కెట్టు పరిచి, హెడ్డు ఎత్తి పెట్టేశాడు. రెండోసారి తుడవలేదు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఒక్కరోజు తుడవలేదు.

నేను నా గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మధ్య బోల్టుతో మొదలుపెట్టి, ఇటొకటి అటొకటిగా బయటికి బిగించుకుంటూ వస్తాడు. మొదటి చుట్టు తేలిగ్గా, రెండో చుట్టు సగం బలంతో, మూడో చుట్టు పూర్తి బలంతో. మూడో చుట్టులో, చివరినుంచి రెండో బోల్టు దగ్గర, సరిపడా బలం చేరగానే క్లిక్కుమనే టార్కు పానా ఇంకా క్లిక్కుమనకుండానే ఇంజను లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. చలికాలంలో గాజుగ్లాసులో వేడినీళ్ళు పోస్తే వస్తుందే, అంత చిన్నది. బావ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయన తొందరపడలేదు. బోల్టు వెనక్కి తిప్పి తీశాడు. దాని కొసనుంచి నూనె కారింది. హెడ్డు దింపి, తీగకి తెల్లగుడ్డ చుట్టి ఆ కన్నంలో దించి తీశాడు. అప్పుడు ఆ గుడ్డ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బ్లాకు పక్కన కన్నం అడుగునుంచి సన్నటి పగులుగీత ఒకటి కిందికి దిగింది. బ్లాకు ఇక పనికిరాదు.

ఓనరు ముందుగా నావైపే తిరిగాడు. మూడోసారి కోసిన బ్లాకు, గోడ పలచన, ఎవరైనా అదే అనుకుంటారు.

"గోడ మరీ పలచగా కోసేశావా?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ నాకు తెలియదు. ఆలోపలే బావ అందుకున్నాడు.

"బోరింగుది తప్పు కాదు. కన్నంలో నూనె ఉంది. నేను చూడకుండా బిగించాను."

నేను తెరిచిన నోరు మూసేశాను. ఇంతే నేను చేసింది. ఎన్నిసార్లు తలుచుకున్నా అంతకంటే గొప్ప వివరం దొరకదు. నూనె నాదని అప్పుడే నాకు తెలుసు. బోల్టు కొస మీద ఎర్రగా కారడం గుమ్మంలోంచే కనిపించింది. నా మీద నాకు పుట్టిన అసహ్యం అప్పుడు మొదలైంది, కానీ దాన్ని కూడా పైపైన తుడిచేసి లోపలికి వెళ్ళిపోయాను.

డాక్టరు పగిలిన బ్లాకు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి ఓనరు బావని హెడ్ల బల్ల దగ్గర్నుంచి తీసేసి సామాన్లు కడిగే తొట్టి దగ్గర పెట్టాడు. బల్లా, టార్కు పానా జిగురు మేస్త్రికి వెళ్ళాయి.

ఆ తొట్టి సంగతి రాయాలంటే ముక్కు మూసుకోవాలి. షెడ్డు వెనక, మరుగుదొడ్డి గోడకి ఆనుకుని ఉంటుంది. సగం డీజిలు, సగం ఏళ్ళ తరబడి కడిగిన జిడ్డు. పైన బొద్దింకలు తేలుతుంటాయి. మోచేతుల దాకా ముంచి సామాన్లు తోమాలి. వారం తిరిగేసరికి బావ వేళ్ళ చర్మం పగిలి, పగుళ్ళలో నలుపు దిగింది. ముప్ఫై ఏళ్ళు తెల్లగుడ్డతో బతికిన మనిషి ఆ మురికిలో నిలబడి ఉంటే, నేను రోజూ ఆయన పక్కనుంచే మరుగుదొడ్డికి వెళ్ళొచ్చేవాణ్ణి. ఏం బావా, ఎలా ఉంది అని అడిగేవాణ్ణి కూడా.

ఆయన తల ఊపేవాడు. ఛీ అనేవాడు కాదు. జిగురు మేస్త్రి ఆయన బల్ల మీదే భోజనం క్యారియరు విప్పి, ఆయన టార్కు పానాతో మేకులు కొడుతుంటే కూడా అనలేదు. నలభై ఛీల మనిషి మూగబోయాడు. షెడ్డులో అందరూ, పోనీలే, నోటికి తాళం పడిందని నవ్వుకున్నారు. నేను కూడా ఆ గుంపులో నిలబడి నవ్వాను.

రెండు నెలలు గడిచాయి. డాక్టరు ఎక్కడెక్కడో వెతికి, పాతసామాన్ల దుకాణంలో అలాంటిదే ఇంకో బ్లాకు సంపాదించి పట్టుకొచ్చాడు. అది కూడా నేనే కోశాను, మొదటిదానిలాగే ఒకటిన్నర మిల్లీమీటరు. ఇది దొరకడమే గగనమైంది, ఇంకోటి దొరకదని డాక్టరు మరీమరీ చెప్పాడు. సోమవారం హెడ్లు బిగించాలి. జిగురు మేస్త్రి బిగిస్తాడని ఓనరు శనివారం సాయంత్రం చెప్పాడు. జిగురు మేస్త్రి అప్పుడే రెండు ట్యూబులు తెప్పించి బల్ల మీద పెట్టుకున్నాడు.

ఆదివారం అక్క భోజనానికి పిలిచింది. బావ వరండాలో పడుకుని ఉన్నాడు, నిద్రలో కూడా వేళ్ళు విడదీసి పెట్టుకున్నాడు, ఒకదానికొకటి తగిలితే మండుతాయి కాబోలు. అక్క నాకు వడ్డించి పక్కన కూర్చుంది.

"ఏమైందిరా ఈయనకి? ఆ ఇంజను పగిలినప్పట్నుంచి ఇంట్లో ఒక్క ఛీ లేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తినేస్తున్నాడు" అంది.

నాకు తెలియదన్నాను. అక్క లేచి బిస్కట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. తెల్లముక్కలు నిండిపోయి మూత పట్టడం లేదు. రెండు నెలలుగా ఒక్కటీ పట్టుకెళ్ళలేదని చెప్పింది. తర్వాత అడుగున చెయ్యి పెట్టి, మడత పెట్టిన ముక్క ఒకటి బయటికి లాగింది.

"ఇదొక్కటీ ఉతకొద్దన్నాడు. మరక పోతుందట. మరక పోకూడదని లోకంలో ఎవరైనా అంటారా?"

మడత విప్పింది. గుడ్డ మధ్యలో రూపాయి బిళ్ళంత మరక. ఇంజను నూనెది తేనెరంగు. ఇది ఎరుపు. రెండు నెలలైనా ఎరుపు.

మా బావకి మొదటిరోజే తెలుసు. నూనె నాదని తెలిసే, ఓనరు నావైపు తిరగగానే ముందుకొచ్చి మాట్లాడాడు. తెలిసే ఆ తొట్టిలో చేతులు పెట్టాడు. నేను ఎలా ఉంది బావా అని అడిగిన ప్రతిసారీ ఆయన జేబులోనో ఇంట్లోనో ఈ గుడ్డ ఉంది. నేను తినడం ఆపి చెయ్యి కడుక్కున్నాను. కూర బాగాలేదా అని అక్క అడిగింది. బాగానే ఉందన్నాను. ఆయన నిద్ర లేచేదాకా కూడా ఉండలేక ఇంటికి పారిపోయాను.

సోమవారం పొద్దున షట్టరు ఎత్తగానే తొట్టి దగ్గరికి వెళ్ళాను. బావ అప్పటికే వచ్చి తేలిన బొద్దింకలని జల్లెడతో ఏరి పారేస్తున్నాడు.

"బావా, ఆ నూనె నేనే పోశాను" అన్నాను.

"తెలుసు."

"మరి ఆరోజు ఎందుకు చెప్పలేదు?"

"పోసింది నువ్వు. చూడకుండా బిగించింది నేను. నా తప్పు నేను చెప్పాను. నీది నువ్వు చెబుతావని చూశాను."

జల్లెడ పక్కన పెట్టాడు. చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. ఆయన అలా చొక్కాకి తుడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత తల ఎత్తి సూటిగా నా మొహంలోకి చూశాడు.

"ఛీ" అన్నాడు.

చేతిలో బోల్టు లేదు, పానా లేదు. అక్కడ నేను తప్ప ఇంకేమీ లేదు. పదేళ్ళలో ఆయన నోటి నుంచి ఆ మాట ఒక మనిషి మీద పడటం అదే మొదలు. అరిచి, నాలుగు తిట్టి, చెంపమీద కొట్టినా అంత గట్టిగా తగిలేది కాదు. ఆ జిగటనేల మీద అలాగే నిలబడిపోయాను. ఆయన మళ్ళీ జల్లెడ అందుకున్నాడు.

అక్కడినుంచి సరాసరి ఓనరు గదికి వెళ్ళాను. డాక్టరు కూడా ఉన్నాడు, హెడ్లు బిగించేది చూడటానికి పొద్దున్నే వచ్చేశాడు. ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఎర్రనూనె, వాన, లేని తుప్పు, తెరిచి మూసిన నోరు, అన్నీ చెప్పాను. ఓనరు కాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు. మెషిను మీంచి దిగమన్నాడు. అది నాకు తెలిసిందే. బావని పిలిపించి అడిగితే, ఎవరు పోసినా తుడవంది తనేననీ, అది మారదనీ అన్నాడు.

అప్పుడు డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"ముప్ఫై ఏళ్ళుగా నోళ్ళు చూస్తున్నాను. తోమలేదని తనంతట తానుగా చెప్పిన మనిషిని ఈయన్నొక్కణ్ణే చూశాను. నా హెడ్లు ఈయనే బిగించాలి" అన్నాడు.

జిగురు మేస్త్రి రెండు ట్యూబులూ జేబులో పెట్టుకుని బల్ల ఖాళీ చేశాడు. బావ ఆ బల్లని సబ్బునీళ్ళతో మూడుసార్లు కడిగాడు. టార్కు పానా మొహం చూసి ఛీ అన్నాడు. షెడ్డులో పని ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. ఇంటికి మనిషిని పంపి పన్నెండు తెల్లముక్కలు తెప్పించుకున్నాడు.

నేను తొట్టి దగ్గర నిలబడ్డాను. మోచేతుల దాకా చేతులు ముంచాను. చర్మం ఎక్కడెక్కడ చిట్లి ఉందో ఆ డీజిలు వెతికి వెతికి చూపించింది. మొదటి పనిగా ఆ రెండు హెడ్ల బోల్టులే ఇచ్చారు. పదహారు. బ్రష్షుతో ఒక్కొక్క మరా తోమి, గాలికొట్టి, తడి లేకుండా ఆరబెట్టి, పళ్ళెంలో వరసగా పేర్చి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. బావ నావైపు చూడలేదు. కన్నాలు రెండోసారి తుడుస్తున్నాడు. నేను తిరిగి వెళ్ళిపోయాను.

పావుగంట తర్వాత తొట్టి దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక బోల్టు ఉంది. జేబులోంచి తెల్లగుడ్డ తీసి బోల్టు చుట్టూ బిగించి తిప్పాడు. గుడ్డ విప్పి వెలుతురులో పట్టుకున్నాడు. సన్నటి నల్లగీత ఒకటి కనిపించింది.

"ఛీ, ఇదా కడగడం?" అన్నాడు.

నా మొహంలోకి చూడలేదు. బోల్టునే చూసి అన్నాడు. నేను చెయ్యి చాపి ఆ బోల్టు తీసుకుని మళ్ళీ కడగడం మొదలుపెట్టాను.